నవల సంగతి తర్వాత, ముందు డ్యూటీ నోట్సు

ప్రశ్న: నాకు ముప్ఫై ఆరేళ్ళు. విశాఖలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. ఉండేది వడ్లపూడి నిర్వాసిత కాలనీలో. మా తాతగారి ఊరు స్టీల్ ప్లాంటు కింద పోయింది. ఆ ఊరి మీద నవల రాయాలని ఆరేళ్ళుగా అనుకుంటున్నాను. మొదటి అధ్యాయం ఎన్నిసార్లు రాసి చింపేశానో లెక్కలేదు. ‘సాగర తీరాన, ప్రకృతి ఒడిలో, పచ్చని పంటపొలాలతో అలరారే గ్రామమది’ అని మొదలుపెడతాను, రెండు పేజీలయ్యాక ఆగిపోతుంది. నవంబరు నెలలో యాభై వేల మాటల నవల రాయాలని స్నేహితురాలితో పందెం వేసుకుని నాలుగో రోజే మానేశాను. రోజూ తెల్లవారుజామున నాలుగింటికి లేచి రాయమని అందరూ అంటారు. నాకు ఒక వారం మార్నింగ్, ఒక వారం ఈవినింగ్, ఒక వారం నైట్ డ్యూటీ. ఇంట్లో తొమ్మిదేళ్ళ బాబు, అత్తగారు. మా అమ్మావాళ్ళది పక్క వీధే. మా అమ్మకి ఇప్పటికీ రాత్రి పడుకునే ముందు తలుపు గడియ వేసే అలవాటు లేదు. పాత ఊళ్ళో ఎవరూ వేసేవాళ్ళు కాదట. రోజూ నాన్నే లేచి వేస్తారు. ఇలాంటివి చాలా ఉన్నాయి కానీ నవలలో ఎలా పెట్టాలో తెలియడం లేదు. రోజూ రాయడం అలవాటయ్యాక నవల మొదలుపెట్టాలా, లేక నవలే రోజూ రాస్తూ పోతే అలవాటు అదే వస్తుందా? మా ఆయన ‘ఈ వయసులో ఎందుకీ రాతలు’ అంటున్నారు. పేరు వేయొద్దు.

సమాధానం: అలవాటు ముందు, నవల తర్వాత. అందరికీ ఇదే చెబుతానని అనుకోకండి. రెండు నెలలు సెలవు దొరికి, వంటకి మనిషి ఉండి, కథ మొత్తం తలలో తిరుగుతున్నవాళ్ళు నేరుగా నవల మీదే కూర్చోవచ్చు. కానీ ఆరేళ్ళుగా మొదటి అధ్యాయం రాసి చింపుతున్నవాళ్ళు రోజూ ఆ నవల ముందే కూర్చుంటే, అలవాటయ్యేది చింపడమే. అందుకని ఓ మూడు నెలలు దాని జోలికి వెళ్ళకండి. ఆ ఫైలు తెరవొద్దు. పాత్రలకి పేర్లు వెతకొద్దు. పేరు ఏం పెడదామా అని బస్సులో ఆలోచించడం కూడా వద్దు. అందులో దొరికే తృప్తి రాసినంత తృప్తిగానే ఉంటుంది, అదే దానితో వచ్చిన చిక్కు.

నాలుగింటికి లేవమన్నవాళ్ళెవరూ నైట్ డ్యూటీ చేసి ఉండరు. ఈ సలహా ఇచ్చేవాళ్ళు తరచుగా ఆంథొనీ ట్రాలప్ పేరు చెబుతారు. పంతొమ్మిదో శతాబ్దపు ఇంగ్లిష్ నవలాకారుడు, తపాలా శాఖలో ఉద్యోగి. పొద్దున ఐదున్నరకల్లా బల్ల ముందు కూర్చుని, గడియారం ఎదురుగా పెట్టుకుని, పావుగంటకి 250 మాటల చొప్పున రాసి, ఆ తర్వాతే ఆఫీసు పని చూసుకునేవాడు. ఇంతవరకే అందరూ చెబుతారు. ఆయన ఆత్మకథలోనే ఇంకో సంగతీ ఉంది. తెల్లవారుజామున తనని లేపి కాఫీ అందించే ముసలి పనివాడికి, ఆ ఒక్క పని కోసమే, ఏడాదికి 5 పౌండ్లు అదనంగా ఇచ్చేవాడు. మీ ఇంట్లో మిమ్మల్ని లేపి కాఫీ ఇచ్చేవాళ్ళుంటే చెప్పండి, అప్పుడు ఆ పద్ధతి గురించి మాట్లాడుకుందాం.

నవంబరు పందెం సంగతి కూడా అంతే. నెలలో నవల రాసే ఈ పందేన్ని ‘నానోరైమో’ అనే పేరుతో 1999లో అమెరికాలో కొంతమంది స్నేహితులు సరదాగా మొదలుపెట్టారు. నెలలో 50,000 మాటలంటే రోజుకి దాదాపు 1,667. పైగా ఆ లెక్క ఇంగ్లిష్ వాళ్ళది. మన తెలుగులో మాటలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి కాబట్టి, అన్నే మాటలు తెలుగులో రాయాలంటే పని ఇంకా ఎక్కువ. తర్వాత దాన్ని నడిపించిన సంస్థే 2025లో మూసేస్తున్నామని ప్రకటించింది. నాలుగో రోజు ఆగిపోయినందుకు మీరు బాధపడాల్సింది ఏమీ లేదు. ఎనిమిది గంటలు నిలబడి పనిచేసి వచ్చి, బాబు చేత హోంవర్క్ చేయించి, ఆ పైన 1,667 మాటలంటే ఎవరికైనా టెన్షనే.

మరి అలవాటు ఎలా పడుతుంది? ఇరవై ఒక్క రోజులు చేస్తే ఏదైనా అలవాటైపోతుందని వాట్సాప్‌లో తిరుగుతుంటుంది చూడండి, దాన్ని పక్కన పెట్టండి. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిపా లాలీ అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు 96 మందిని 12 వారాలపాటు గమనించి 2009లో ఒక అధ్యయనం ప్రచురించారు. భోజనంతోపాటు పండు తినడం, రాత్రి భోజనానికి ముందు కాసేపు పరుగెత్తడం లాంటి చిన్న పనులు ఆలోచించకుండా చేసేంత అలవాటు కావడానికి సగటున 66 రోజులు పట్టింది. ఒకరికి 18 రోజులే పడితే, ఇంకొకరికి 254 రోజులు పట్టొచ్చని లెక్క తేలింది. మీకు పనికొచ్చేవి అందులో రెండున్నాయి. మధ్యలో ఒక రోజు తప్పినా అలవాటు పడటానికి పెద్దగా తేడా ఏమీ రాలేదు. రెండోది, వాళ్ళు పనిని గడియారానికి కట్టలేదు, రోజూ ఎలాగూ జరిగే మరో పనికి కట్టారు. టిఫిన్ అయ్యాక ఇది, భోజనానికి ముందు అది, అలాగ.

షిఫ్టులు చేసేవాళ్ళకి దారి ఇదే. మీకు ‘ఉదయం ఆరింటికి’ అన్న మాటకి అర్థం లేదు. ఒక వారం ఆ టైముకి బస్సు కోసం పరుగు, ఒక వారం నిద్ర, ఒక వారం ఇంకా వార్డులోనే. కానీ ఏ షిఫ్టయినా ఇంటికొచ్చి యూనిఫాం మార్చి స్నానం చేయకుండా ఉండరు కదా. స్నానం అయ్యాక టీ పెడతారు. ఆ టీ గ్లాసు చేతిలో ఉన్నంతసేపు రాయండి. గ్లాసు ఖాళీ అయితే ఆపేయండి. నైట్ చేసి వచ్చిన రోజు కళ్ళు మూతలు పడుతుంటాయి, ఆ రోజుకి మూడు లైన్లు చాలు. మిగతా రోజుల్లో లాంగ్ నోట్‌బుక్కులో అర పేజీ. మూడు నెలలకి వంద పేజీల పుస్తకం సగానికి వస్తుంది. ఎక్కువ రాయాలనిపించిన రోజున రాసుకోండి, కానీ మర్నాడు కొలత మళ్ళీ అర పేజీయే. నిన్న నాలుగు పేజీలు రాశాను కాబట్టి ఇవాళ మానేయొచ్చనే లెక్క మాత్రం పెట్టుకోకండి.

వీక్లీ ఆఫ్ రోజున డ్యూటీ లేదు, డ్యూటీ నుంచి వచ్చి చేసే స్నానమూ లేదు. అలవాటు తెగేది అక్కడే. ఆ రోజుకి వేరే ఏర్పాటు కావాలి, దాని దగ్గరికి వస్తాను.

ఇంతకీ ఏం రాయాలి? మీ ఉత్తరం చదువుతూ నేను అనుకున్నది ఒకటే: ఈవిడ రోజూ రాస్తూనే ఉన్నారు, ఆ సంగతి తనకే తెలియదు. షిఫ్టు దిగే ముందు కేస్‌షీట్‌లో నర్సు నోట్సు రాయకుండా మీరు ఎప్పుడైనా ఇంటికెళ్ళారా? మూడ్ లేదని మానేశారా? రాత్రి 2.10కి పేషెంటు ఛాతీలో నొప్పి అన్నారు, బీపీ ఇంత, పల్స్ ఇంత, డ్యూటీ డాక్టరుకి తెలియజేశాం, 2.25కి ఇంజెక్షన్, మూడింటికి నిద్రపోయారు. అందులో ‘పాపం’ ఉండదు, ‘హృదయవిదారకంగా’ ఉండదు. టైము, కనిపించింది, వినిపించింది, చేసింది. అయినా తర్వాత షిఫ్టుకి వచ్చిన సిస్టర్ ఆ అయిదు లైన్లు చదివితే రాత్రంతా కళ్ళకి కడుతుంది. నవలాకారులు ఏళ్ళు పడి నేర్చుకునే విద్య అది. మీరు దాన్ని ఇంగ్లిష్‌లో, ఉద్యోగం కోసం చేస్తున్నారు. ఇంటికొచ్చి తెలుగులో కలం పట్టేసరికి మాత్రం ‘ప్రకృతి ఒడి’లోకి వెళ్ళిపోతున్నారు.

ఆ వాక్యం గురించి కాస్త కఠినంగానే చెప్పాలి. ‘పచ్చని పంటపొలాలతో అలరారే గ్రామమది’ అన్నది మీ తాతగారి ఊరికే కాదు, కోనసీమలో ఏ ఊరికైనా సరిపోతుంది. అది మీరు చూసింది కాదు, స్కూల్లో వ్యాసాలు రాయించినప్పుడు చేతికి పట్టుబడింది. అదే ఉత్తరంలో కింద, ఏమీ అనుకోకుండా, అమ్మ తలుపు గడియ గురించి మూడు లైన్లు రాశారు. నేను అక్కడ ఆగి రెండోసారి చదివాను. ఊరు పోయి ఇన్నేళ్ళయినా గడియ వేయడం చేతికి రాని ఆవిడ, రోజూ లేచి వేసే ఆయన. ఎవరూ ఎవర్నీ ఏమీ అనరు. ఆ మూడు లైన్లలో ఊరుంది, కాలనీ ఉంది, ఒక కాపురం ఉంది. ‘నవలలో ఎలా పెట్టాలో తెలియడం లేదు’ అన్నారు. ఇప్పుడే ఎక్కడా పెట్టొద్దు. నోట్‌బుక్కులో పెట్టండి.

అంటే నోట్‌బుక్కులో డైరీ రాయమని చెప్పడం లేదు. ఇవాళ మనసు బాగాలేదు, అత్తగారు అలా అన్నారు, నేనిలా అనుకున్నాను అని రాయడం మొదలైతే నెల తిరిగేసరికి మీకే విసుగొస్తుంది. రోజుకి ఒక్కటి, కళ్ళతో చూసింది గానీ చెవులతో విన్నది గానీ, కేస్‌షీట్ రాసినట్టే రాయండి. ఉదాహరణకి ఇలా:

‘పొద్దున 6.40. కూర్మన్నపాలెం స్టాపు. చేపల తట్టతో ఒకామె. కండక్టరు ఎక్కనివ్వలేదు. నీళ్ళు కారవు బాబూ, కింద సంచీ ఏసినాను సూడు, అంది. బస్సు కదిలిపోయాక కూడా తట్ట ఎత్తి సంచీ చూపిస్తూనే ఉంది.’

ఇంతే. ఆమె ముఖంలో దైన్యం, సమాజంలో అసమానత వగైరా ఏమీ అక్కర్లేదు. అవి రాయాలని చెయ్యి లాగుతుంది, మొదటి రెండు వారాలు మరీను. రాసేసినా పరవాలేదు, మర్నాడు ఆ లైను మీద ఒక గీత కొట్టి ముందుకెళ్ళండి. పేజీ చింపొద్దు. మీ ఆసుపత్రిలో కేస్‌షీట్‌లో తప్పు రాస్తే పేజీ చింపుతారా? ఒక్క గీత కొట్టి సంతకం పెడతారు, కింద ఉన్నది కనిపిస్తూనే ఉంటుంది. నోట్‌బుక్కుకీ అదే రూలు.

ఇంకొకటి కూడా మీ ఉద్యోగం నుంచే తీసుకుంటాను. షిఫ్టు మారేటప్పుడు హ్యాండోవర్ ఇస్తారు కదా, ఆరో బెడ్డుకి సెలైన్ అయిపోవస్తోంది, తొమ్మిదికి రిపోర్టు రావాలి అని. రోజూ రాయడం ఆపే ముందు చివర అలాంటి లైను ఒకటి రాయండి. ‘రేపు: చేపలామె చీర సంగతి’, ‘రేపు: అమ్మ పాత తాళాల గుత్తి.’ మర్నాడు అలిసిపోయి కూర్చున్నప్పుడు ఏం రాయాలా అని గోడవంక చూసే పని తప్పుతుంది. నా మటుకు నాకు ఈ ఒక్క లైనే చాలా రోజులు గట్టెక్కించింది.

ఇక వీక్లీ ఆఫ్. ఆ రోజు పక్క వీధికెళ్ళి అమ్మ దగ్గర కూర్చోండి. ఫోన్‌లో రికార్డరు ఆన్ చేసి, ఆ మాట ఆవిడకి చెప్పే, పక్కన పెట్టుకోండి. ‘ఊరు పోయినప్పుడు ఎలా అనిపించిందమ్మా’ అని అడిగితే ‘ఏటనిపిస్తాది’ అని లేచి వంటింట్లోకి పోతుంది. వస్తువుల గురించి అడగండి. సామాను ఏ బండిలో తెచ్చారు? రోలు తెచ్చారా, వదిలేశారా? పశువుల్ని ఎవరికిచ్చారు? కొత్త చోట మొదటి రాత్రి వంట ఎక్కడ వండారు? ఆర్-కార్డు, అదే నిర్వాసితులకిచ్చిన పునరావాస కార్డు, ఎవరి పేరున వచ్చింది, ఎవరి పేరున రాలేదు? ఈ చివరి ప్రశ్నకి మాత్రం గంట సేపు కూర్చునేలా వెళ్ళండి. మీ కాలనీలో ఆ కార్డు సంగతి ఎత్తితే మాట అంత తొందరగా ఆగదని మీకే తెలుసు. తిరిగొచ్చాక ఆవిడ మాటల్లో నాలుగు, ఆవిడ యాసలోనే, దిద్దకుండా రాసుకోండి. ‘వెళ్ళిపోయాం’ అని మార్చకండి. ‘ఎల్లిపోనాం’ అంటే ‘ఎల్లిపోనాం’ అనే ఉండాలి.

ఇలా విని రాసే విద్యకి మన ఊళ్ళోనే పెద్ద మనిషి ఉండేవారు. కథా రచయిత రావిశాస్త్రి (రాచకొండ విశ్వనాథశాస్త్రి) గారు ఇక్కడ కోర్టులో వకీలుగా పనిచేశారు. క్లయింట్లు, పోలీసులు, సారా అమ్ముకునేవాళ్ళు, సాక్షులు మాట్లాడే మాట ఆయన కథల్లో అలాగే వినిపిస్తుంది. కోర్టు వల్ల రాయడానికి టైము లేకపోయింది అనొచ్చు, కోర్టు లేకపోతే ఆ కథలే లేవు అనీ అనొచ్చు. వార్డుని మీరు ఎటువైపు నుంచి చూస్తారో మీ ఇష్టం. ఇంకో సంగతి, ఆయన నవలల్లో ‘రాజు-మహిషి’, ‘రత్తాలు-రాంబాబు’ పూర్తికాకుండానే ఉండిపోయాయి. అంతటి చేతికి కూడా నవల అన్నది లొంగకపోవచ్చు. మీరు రెండు పేజీల దగ్గర ఆగితే ప్రతిభ లేదని తేల్చేసుకోవడం తొందరపాటే.

తేదీల గురించి ఇప్పుడే కంగారు పడొద్దు. 1966లో ఉక్కు ఉద్యమం, 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన, 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావు ప్లాంటును జాతికి అంకితం చేయడం, ఇవి ఎక్కడికీ పోవు. ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో ఒక పూట కూర్చుంటే ఇంకా బోలెడు దొరుకుతాయి. అమ్మకి ఈ తేదీలు గుర్తుండవు. ఫలానా చెట్టు కొట్టేసిన ఏడు, చెల్లెలికి పెళ్ళి కుదిరిన ఏడు అని చెబుతుంది. ముందు అమ్మ లెక్కే రాసుకోండి. ఉద్యమ చరిత్రతో మొదలుపెడితే నవల నినాదాల మధ్య తప్పిపోతుంది. అలాంటివి చాలానే చదివాను.

మూడు నెలలయ్యాక? అప్పటికీ నవల వద్దంటాను. మీకు కోపం రావచ్చు. రోజూ రాయడం వేరు, రాసింది పూర్తి చేయడం వేరు. నోట్‌బుక్కు మీకు మొదటిదే నేర్పుతుంది. రోజూ అర పేజీ రాస్తూ పదేళ్ళు ఏ ఒక్కటీ పూర్తి చేయనివాళ్ళు ఉన్నారు, వాళ్ళ దగ్గర నోట్‌బుక్కులు దొంతరలుగా ఉంటాయి. అందుకని ఆ నలభై అయిదు పేజీలు ఒకసారి తిరగేయండి. ఎవరో ఒక మనిషి మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంటారు. అమ్మే కావచ్చు, నాన్న కావచ్చు, మీరు ఊహించని పక్కింటాయన కావచ్చు. ఆ మనిషి మీద ఒక చిన్న కథ రాయండి, అయిదారు పేజీలు, చివరిదాకా. బాగా రాకపోయినా ముగించండి. ఇంకొకటి. అలా మూడు కథలు ముగిశాక అవన్నీ ఒకే ఊరి కథలని మీకే అనిపిస్తే, నవల మొదలైపోయినట్టే. అప్పుడు కూడా మొదటి అధ్యాయం నుంచి వద్దు. మీకు బాగా తెలిసిన సన్నివేశం ఏదుంటే అక్కడ మొదలుపెట్టండి. మొదటి అధ్యాయం అన్నిటికన్నా ఆఖరున రాయొచ్చు, ఎవరూ అడగరు. అప్పుడు కూడా రోజుకి ఆ టీ గ్లాసంత సేపే. మూడు రోజులు వరసగా వదిలేస్తే నవల చల్లారిపోతుంది, ఎవరు ఎక్కడున్నారో గుర్తు తెచ్చుకోవడానికే రెండు రోజులు పోతాయి. రోజూ కాస్తయినా ముట్టుకుంటే ఆ బాధ ఉండదు. అలవాటు ముందు కావాలని మొదట్లో అన్నది ఇందుకే.

ఈ మూడు నెలలూ ఎవరికీ చూపించకండి. ఫోన్ యాప్‌లలో రోజుకో భాగం పెట్టేవాళ్ళున్నారు, అందులో తప్పేమీ లేదు, కొందరు బాగానే రాస్తున్నారు. కానీ కొత్తలో పెడితే, రాయడంకన్నా లైకులు చూసుకోవడం ముందు అలవాటవుతుంది. ఫోన్‌లో రాస్తానంటే నాకు అభ్యంతరం లేదు. బస్సులో గాజువాక ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు వాయిస్ టైపింగ్ బాగానే పనికొస్తుంది, తెలుగు ఇప్పుడు చాలావరకు సరిగ్గానే పడుతోంది, మీ అమ్మగారి యాసని మాత్రం పుస్తక భాషలోకి దిద్దేస్తుంది జాగ్రత్త. ఇంటికొచ్చాక మాత్రం కాగితమే మేలు. ఫోన్ చేతిలో ఉంటే టీ చల్లారేది రీల్స్ చూస్తూనే.

మీ ఆయన మాటకి పెద్ద జవాబు అక్కర్లేదు. నవల రాస్తున్నానని ఇంట్లో ప్రకటిస్తే ఎంతవరకు వచ్చింది, ఎప్పుడు అచ్చవుతుంది అని అడుగుతారు. టీ తాగుతూ నోట్‌బుక్కులో రాసుకునే మనిషిని ఎవరూ ఏమీ అనరు. ఆ పది నిమిషాలు బాబుని పక్కన కూర్చోబెట్టి హోంవర్క్ రాయించండి, వాడూ రాస్తాడు, మీరూ రాస్తారు, అత్తగారికీ ముచ్చటగా ఉంటుంది.

ఇంకొక్కటి, ఇది ఖచ్చితంగా పాటించాలి. వార్డులో చూసింది రాసేటప్పుడు పేషెంటు పేరు, బెడ్డు నంబరు, జబ్బు, ఊరు ఏదీ నోట్‌బుక్కులోకి రాకూడదు. ఆసుపత్రి కాగితాల ఫొటోలు అసలే వద్దు. వాళ్ళ కూతురు ఫోన్‌లో ఏమంది, అటెండరు ఏ పాట కూనిరాగం తీశాడు, కిటికీ దగ్గర ముసలాయన ఇడ్లీ ఎలా తిన్నాడు, ఇవి మీవి. అదీ మనిషిని గుర్తుపట్టేలా ఉంటే వయసో, ఊరో, ఆడామగో మార్చి రాసుకోండి. నోట్‌బుక్కు డ్యూటీకి తీసుకెళ్ళకండి, ఇంట్లోనే ఉండనివ్వండి.